మీకు తెలుసా? పాత స్టీరియో రిసీవర్ తన జబ్బు తానే చెబుతుంది

అటక మీద నుంచి దింపిన పాత స్టీరియో రిసీవర్ మోగకపోతే కొందరు వెంటనే స్క్రూడ్రైవర్ వెతుకుతారు, కొందరు పాత సామాన్లవాణ్ని కేకేస్తారు. ఈ రెండిటికంటే ముందు చేయాల్సింది చెవి పెట్టి వినడం. గరగర, బుర్రుమనే మోత, స్విచ్చి వేసిన కాసేపటికి టక్కుమనే చప్పుడు, ఆ టక్కు కూడా లేని నిశ్శబ్దం... ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. 1970ల నాటి జపాన్ సెట్లను ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి బాగుచేసుకుంటున్నవాణ్ని. ‘ఇక ఇది పోయింది’ అంటూ నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు నిజంగా పోయినవి కావు.

● రిసీవర్ అంటే ఒకటి కాదు, మూడు. రేడియో ట్యూనర్, ప్రీ యాంప్లిఫయర్, పవర్ యాంప్లిఫయర్ మూడింటినీ ఒకే పెట్టెలో సర్దితే అది రిసీవర్. అమెరికాలో హర్మన్ కార్డన్ 1954లో తెచ్చిన ఫెస్టివల్ డి1000 ఈ తరహా హైఫై సెట్లలో తొలితరానిది. మూడూ కలిసి ఉండటమే జబ్బు కనిపెట్టడానికి దారి చూపుతుంది. వెనక ‘ఆక్స్’ అని రాసిన ఇన్‌పుట్‌లో ఫోను పెడితే పాట వస్తూ, ఎఫ్‌ఎం రాకపోతే తప్పు ట్యూనర్‌లో. అన్నిటిలోనూ అదే గరగర వస్తుంటే ట్యూనర్‌ను వదిలేసి, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగాల వైపు చూడాలి.

● సెట్టు మూగబోవడానికి ఒక్క మీట చాలు. ముందు ప్యానెల్ మీద ‘టేప్ మానిటర్’ అని ఉంటుంది. క్యాసెట్ డెక్కులో రికార్డు చేసే రోజుల్లో పాట రిసీవర్‌లోంచి డెక్కుకు వెళ్లి, మళ్లీ రిసీవర్‌కు తిరిగొచ్చేది. రికార్డింగ్ ఎలా పడుతోందో అప్పటికప్పుడు వినడానికి ఆ ఏర్పాటు. ఇప్పుడు డెక్కు లేదు, మీట మాత్రం నొక్కే ఉంది. బయటికి వెళ్లిన పాట తిరిగి రాదు, సెట్టు పలకదు. దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డ తగిలి ఆ మీట పడిపోవడం మామూలే.

● వెనక వైపు చూస్తే కొన్ని సెట్లకు గుర్రపు నాడాలాంటి చిన్న లోహపు క్లిప్పులు రెండు ఉంటాయి. ‘ప్రీ అవుట్’ను ‘మెయిన్ ఇన్’తో కలిపేవి అవే. ఇల్లు మారేటప్పుడు ఊడిపోతే ప్రీ యాంప్లిఫయర్‌కు, పవర్ యాంప్లిఫయర్‌కు మధ్య దారి తెగిపోతుంది. వాటి బదులు మామూలు పొట్టి ఆర్‌సీఏ కార్డులు రెండు పెట్టినా సెట్టు పలుకుతుంది.

● ఒకవైపే మోగుతోందా? పైసా ఖర్చు లేకుండా తప్పు ఎక్కడుందో తేల్చవచ్చు. సెట్టు ఆపి, దాని వెనక ఎడమ, కుడి స్పీకర్ వైర్లను అటూ ఇటూ మార్చండి. మళ్లీ వేయండి. ఇంతకుముందు మోగని పెట్టె ఇప్పుడు మోగి, మోగినది మూగబోతే స్పీకర్లు రెండూ క్షేమం. మొదట మోగని పెట్టె ఇప్పుడూ మోగకపోతే జబ్బు ఆ పెట్టెదో, దాని వైరుదో. స్పీకర్లు బాగున్నాయని తేలాక వైర్లు యథాప్రకారం పెట్టేసి, ఇన్‌పుట్ దగ్గర ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను మార్చండి. మూగతనం ఇటు నుంచి అటు మారితే తప్పు కార్డులోనో, ఫోనులోనో ఉంది. మారకపోతే రిసీవర్‌లో ఉంది. రెండు నిమిషాల పని. దీన్ని చేయకుండా మూత విప్పినవాళ్లు, బాగున్న బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టి కొత్త జబ్బు తెచ్చుకోవడం నేను చూశాను.

● స్పీకర్ మీదే అనుమానం ఉంటే గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు చాలు. సెట్టు నుంచి వైర్లు పూర్తిగా విప్పేసి, వాటి కొసలను సెల్లుకు ఒక్క క్షణం తాకించండి. బతికున్న స్పీకర్ టప్పుమంటుంది. సెల్లు ప్లస్సు స్పీకర్ ప్లస్సుకు తగిలినప్పుడు ముందుండే కాగితపు కోను సాధారణంగా బయటికి వస్తుంది. ఒక పెట్టెలో బయటికి, రెండోదానిలో లోపలికి పోతే వైర్లు తిరగబడ్డాయి. మృదంగం, తబలా బరువు తగ్గి పాట పల్చబడిందని ఎవరైనా అంటే నేను ముందు చూసేది ఇదే.

● స్విచ్చి వేసిన కొన్ని సెకన్లకు వినిపించే ‘టక్’ చప్పుడు లోపం కాదు, క్షేమ సమాచారం. లోపల ఒక రిలే ఉంటుంది. యాంప్లిఫయర్ నిలదొక్కుకుందని కాపలా సర్క్యూట్ నిర్ధారించుకున్నాకే అది స్పీకర్లను కలుపుతుంది. టక్ రాలేదంటే స్పీకర్ వైపు డీసీ వోల్టేజీ వస్తోందనో, ఎక్కడో షార్టు అయిందనో, కాపలా సర్క్యూటే దెబ్బతిందనో అర్థం. స్పీకర్ వైరులోంచి జారిన ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా చాలు. అందుకే స్పీకర్లన్నీ విప్పేసి మరోసారి వేసి చూడాలి. అప్పుడు టక్ వస్తే తప్పు బయటి వైర్లలో ఉంది. రిలేని తప్పించి స్పీకర్లను నేరుగా కలిపే చిట్కా ఎవరు చెప్పినా వినకండి. 40, 50 వోల్టుల డీసీ కాయిల్ మీద పడితే స్పీకర్ చూస్తుండగానే కాలిపోతుంది.

ఇదే రిలే మరో జబ్బుకూ మూలం. మా మేనమామ 1980లో కువైట్ నుంచి తెచ్చిన వెండిరంగు ముఖం సెట్టు ఇప్పుడు నా దగ్గరుంది. వాల్యూమ్ తక్కువలో ఎడమవైపు పలికేది కాదు. గట్టిగా పెంచితే ఒక్కసారి టప్పుమని వచ్చేది, తర్వాత ఎంత తగ్గించినా బాగానే పాడేది. మర్నాడు మళ్లీ మొదటికే. ఒక దుకాణంలో చూపిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి, మొత్తం మార్చాలన్నారు. మామయ్య మాట మీద గౌరవం కొద్దీ సెట్టు వెనక్కి తెచ్చుకున్నాను. ‘అది పాడుతోంది కదరా, పోయినవి మళ్లీ ఎలా పాడతాయి?’ అన్నాడాయన. ఆ ఒక్క ప్రశ్నలోనే జవాబుంది. కాలిపోయిన ట్రాన్సిస్టర్ వాల్యూమ్ పెంచితే బాగుపడదు. మురికి పట్టిన కాంటాక్ట్ బాగుపడుతుంది, ఎందుకంటే ఎక్కువ కరెంటు పారినప్పుడు ఆ పొరను అదే చీల్చుకుంటుంది.

ప్లగ్గు తీసి, లోపలి పెద్ద కెపాసిటర్లలో ఛార్జి దిగిందని మీటరుతో చూసుకుని, రిలే మీది ప్లాస్టిక్ డొప్ప ఊడదీశాను. మిరియపు గింజలో సగం కూడా లేని కాంటాక్ట్ బిళ్లలు, వెండిలా మెరవాల్సినవి, బూడిద నలుపులో ఉన్నాయి. తెల్లకాగితాన్ని సన్నగా కత్తిరించి, కాంటాక్ట్ క్లీనర్‌తో తడిపి, రెండు బిళ్లల మధ్య పెట్టి వేలితో మెల్లగా నొక్కి లాగాను. కాగితం మీద పెన్సిల్ గీసినట్టు నల్లటి గీత. రెండోసారి లాగితే బూడిదరంగు, ఐదోసారికి తెలుపు. అంతే, ఎడమవైపు తిరిగొచ్చింది. కొన్ని నెలల తర్వాత కొత్త రిలే వేశాను, ఎందుకంటే శుభ్రం చేసిన కాంటాక్ట్ మళ్లీ మురికి పడుతుంది. ఒక్క జాగ్రత్త: గరుకు కాగితంతో మాత్రం రుద్దవద్దు, పైనున్న వెండి పూత పోతుంది.

● టక్ వచ్చాక కూడా సెట్టును నమ్మే ముందు మరో పరీక్ష ఉంది. స్పీకర్లు విప్పి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టులకు తిప్పి స్పీకర్ టెర్మినల్స్ మీద పెట్టండి. ఈ వయసు సెట్లకు 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. వోల్టుల్లో చూపిస్తే స్పీకర్లు తగిలించనే వద్దు. రిలే లేని మరీ పాత సెట్లకు ఈ పరీక్ష తప్పనిసరి.

● వాల్యూమ్ తిప్పితే గరగరమంటే వాల్యూమ్ కంట్రోల్ పాడైందని కాదు. లోపల కార్బన్ పూత పూసిన పట్టీ మీద ఒక లోహపు ముల్లు జారుతుంటుంది. ఏళ్ల దుమ్ము ఆ దారిలో పేరుకుంటే ముల్లు ఎగిరెగిరి పడినట్టు చప్పుడు. ఎలక్ట్రానిక్స్ కోసమే చేసిన కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు లోపలికి వదిలి, నాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు ముప్పై నలభై సార్లు తిప్పితే చాలాసార్లు పోతుంది. బోల్టుల తుప్పు వదిలించే స్ప్రే, కుట్టుమిషన్ నూనె దీనికి పనికిరావు. అవి మిగిల్చే జిడ్డుకు దుమ్ము మరింత పట్టుకుంటుంది. తిప్పకపోయినా దానంతటదే చిటపటమంటే మాత్రం తప్పు వేరేచోట ఉంది. దాని గురించి కాసేపట్లో.

● బుర్రుమనే మోతకూ శ్రుతి ఉంటుంది! మన కరెంటు 50 హెర్ట్జ్. వైర్ల ద్వారా, ఎర్త్ సరిగా లేక దూరే మోత ఎక్కువగా ఆ 50 దగ్గరే ఉంటుంది. సెట్టు లోపల ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటాక మోత 100 హెర్ట్జ్ అవుతుంది. అంటే సరిగ్గా ఒక స్థాయి పైన, మంద్ర షడ్జానికి మధ్య షడ్జంలాగా. సంగీతం తెలిసిన చెవికి ఈ తేడా ఇట్టే దొరుకుతుంది. 100 హెర్ట్జ్ మోత పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు అలసిపోయాయనడానికి సూచన.

శ్రుతి పట్టలేనివారికి ఇంకో దారి: వాల్యూమ్ పెంచితే మోత పెరుగుతోందా? అయితే అది వాల్యూమ్ కంట్రోల్ కంటే ముందు, అంటే ఇన్‌పుట్ వైపు పుడుతోంది. సున్నాలో పెట్టినా అంతే ఉందా? అయితే పవర్ సప్లైలోనో, పవర్ యాంప్లిఫయర్‌లోనో. రికార్డ్ ప్లేయర్ పెట్టినప్పుడే వస్తే, దాని వెనక నుంచి వచ్చే సన్నటి ఎర్త్ వైరును రిసీవర్ మీది ‘గ్రౌండ్’ స్క్రూకి బిగించారో లేదో చూడండి.

● ఫోనును ‘ఫోనో’లో పెట్టకండి. పేర్లు దగ్గరగా ఉన్నా ఫోనో అంటే గ్రామఫోన్ రికార్డుల కోసం. ఆ ఇన్‌పుట్ 2.5 మిల్లీవోల్టుల వంటి పసి సంకేతానికి తయారైంది, ఆక్స్ 150 మిల్లీవోల్టుల స్థాయికి. పైగా ఫోనోలో బాస్ పెంచి, ట్రెబుల్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఫోను అందులో పెడితే పాట చీలికలు పేలికలవుతుంది. అది సెట్టు తప్పు కాదు.

● మన రేడియో మెకానిక్‌ల బల్ల మీది సీరీస్ బల్బు ప్రపంచమంతటా గౌరవం ఉన్న పరికరం. అమెరికాలో పాత సెట్లు బాగుచేసేవాళ్లూ ఇదే వాడతారు. దీపం సెట్టుకు సీరీస్‌లో ఉంటుంది కాబట్టి లోపల షార్టు ఉంటే వోల్టేజీ అంతా బల్బే మింగి నిండుగా వెలుగుతుంది, సెట్టులో సాధారణంగా ఏదీ కాలదు. బాగున్న సెట్టయితే ఒక్క క్షణం వెలిగి మసకబారుతుంది. ఆ క్షణం వెలుగు కెపాసిటర్లు నిండుతున్న గుర్తు. 230 వోల్టుల 100 వాట్ల బల్బు పూర్తిగా వెలిగినప్పుడు దాని నిరోధం దాదాపు 530 ఓములు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. ఈ గుణం ఫిలమెంట్ బల్బుకే ఉంది, ఎల్‌ఈడీ బల్బుతో ఈ పరీక్ష కుదరదు. ఫిలమెంట్ బల్బులు అరుదవుతున్నాయి, ఒకటి దాచుకోండి.

ఫ్యూజు పోయిన సెట్టుకు కొత్త ఫ్యూజు వేసి మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఇది లేకుండా నేను ఎప్పుడూ ఇవ్వను. ఫ్యూజు గాజు లోపల నల్లగా మసి కొట్టుకుని ఉంటే గట్టి షార్టు అయిందని గుర్తు. దాని స్థానంలో రాగి తీగ చుట్టడం మనకు ఇంట్లో మెయిన్ దగ్గర అలవాటు. ఇక్కడ ఆ పని చేస్తే తర్వాత కాలేది ట్రాన్స్‌ఫార్మర్, దానికి బదులు దొరకదు.

● పరికరం మీద లేసు గుడ్డ కప్పడం దాని ఆయుష్షును తగ్గిస్తుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల తడి పదార్థం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ జీవితకాలం సుమారు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ పాటించే లెక్క. రిసీవర్ పైన కనిపించే చీలికలు అలంకారానికి కాదు, వేడిగాలి పోవడానికి. మన ఇళ్లలో రేడియో మీదా, టీవీ మీదా అమ్మ అల్లిన గుడ్డ, దాని మీద ఫొటో ఫ్రేము ఉండటం ఎంత ప్రేమగా చేసిన పనో నాకు తెలుసు. సెట్టు ఆపి ఉన్నప్పుడు కప్పండి, పాడేటప్పుడు తీయండి.

● వెండి కంచం నల్లబడటానికీ, ఈ సెట్లు చిటపటలాడటానికీ కారణం ఒకటే. ఆ కాలపు కొన్ని ట్రాన్సిస్టర్ల కాళ్లకు వెండి పూత పూసేవారు. గాలిలోని గంధకంతో కలిసి ఆ వెండి నల్లబడుతుంది. నాబ్ తిప్పకుండానే వర్షం చినుకుల్లా చిటపటలు వస్తుంటే, బోర్డు మీద కాళ్లు నల్లబడిన ట్రాన్సిస్టర్లను నేను మొదట అనుమానిస్తాను. దీనికి తోడు జిగురు గొడవ. కెపాసిటర్లు కదలకుండా ఫ్యాక్టరీలో పూసిన లేత పసుపు జిగురు దశాబ్దాల వేడికి ముదురు గోధుమరంగుకు మారి, పక్క భాగాల కాళ్లను తినేస్తుంది, కొన్నిసార్లు కరెంటును కూడా పారనిస్తుంది. బెల్లంపాకం ముదిరినట్టు కనిపించే ఆ జిగురును పుల్లతో ఓపిగ్గా గీకేయాలి.

● తట్టితే పలికే సెట్టు జబ్బుకు మన మెకానిక్‌లు వాడే పేరు ‘డ్రై సోల్డర్’. టంకం చుట్టూ కంటికి కనిపించీ కనిపించని పగులు. చెయ్యి కాదు, ఎండు వెదురు పుల్లతో బోర్డును అక్కడక్కడా మెల్లగా తాకుతూ వెళ్తే ఎక్కడ పాట తెగుతుందో అక్కడే తప్పు. ఇది కరెంటు ఉండగా చేసే పని కాబట్టి అనుభవం లేనివారు తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోవాలి.

● స్టీరియో దీపం వెలగడానికి కారణం మనలో చాలామందికి వినిపించని ఒక స్వరం. ఎఫ్‌ఎం స్టీరియో ప్రసారాలు అమెరికాలో 1961లో మొదలయ్యాయి. స్టేషన్ పాటతో పాటు 19 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని పంపుతుంది. రిసీవర్ దాన్ని పసిగట్టి దీపం వెలిగిస్తుంది, ఎడమ కుడి విడదీస్తుంది. దీపం వెలగకపోతే ముందు ఏరియల్ చూడండి. వెనక ఒక మీటరున్నర వైరు కూడా లేకుండా ట్యూనర్‌ను తప్పుపట్టడం అన్యాయం.

● జపాన్‌లో అమ్మిన సెట్టులో హైదరాబాద్ ఎఫ్‌ఎం రాదు, సెట్టు ఎంత బాగున్నా! ఆ దేశంలో ఎఫ్‌ఎం బ్యాండు 76 మెగాహెర్ట్జ్ నుంచి 90 దాకా ఉండేది. మన రెయిన్‌బో 101.9, వివిధభారతి 102.8 ఆ డయల్‌కు అవతల ఉన్నాయి. అమెరికా సెట్టులో స్టేషన్లు వస్తాయి గానీ కాస్త మందకొడిగా వినిపిస్తాయి, ఎందుకంటే ట్రెబుల్‌ను సరిదిద్దే కొలత అక్కడ 75 మైక్రోసెకన్లు, మన దగ్గర 50. మీడియం వేవ్‌లో ఇంకో చిక్కు: అమెరికా డిజిటల్ ట్యూనర్లు 10 కిలోహెర్ట్జ్ చొప్పున అంగలేస్తాయి, మన స్టేషన్లు 9 చొప్పున. హైదరాబాద్ 738 మీద అది సరిగ్గా ఆగదు, 730 లేదా 740. దారంతో ముల్లు లాగే పాత డయల్‌కు ఈ బాధ లేదు.

మీడియం వేవ్‌లో ఒకటే గీపెడుతుంటే సెట్టును విప్పే ముందు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఆపి చూడండి. సెల్లుతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్‌లోనూ అదే గోల వస్తే రిసీవర్ నిర్దోషి.

● 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన తెచ్చింది: యాంప్లిఫయర్ వాట్లను నిరంతరంగా ఇచ్చే శక్తి లెక్కలోనే చెప్పాలి, కొలిచే ముందు గంటసేపు మూడో వంతు శక్తి మీద నడపాలి. దాంతో కంపెనీలు నిజంగానే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు వేశాయి. 1978 నాటి పయొనీర్ ఎస్‌ఎక్స్-1980 ఒక్కో వైపు 270 వాట్లు, బరువు దాదాపు 35 కిలోలు. మన బజార్లో 1990ల్లో టేప్‌రికార్డర్ల మీద అంటించిన పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ) వాట్లతో వీటిని పోల్చకూడదు. ఇంట్లో వినడానికి ఆ కాలపు 20 వాట్ల సెట్టు చాలు, దాన్ని చిన్నచూపు చూడకండి.

● విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. కెపాసిటర్లు, రిలేలు, డయల్ బల్బుల కోసం నేను హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తాను. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లోనూ దొరుకుతాయి. డయల్ బల్బుల్లో కొన్ని అచ్చం గాజు ఫ్యూజులా ఉంటాయి, 8 వోల్టులవి. ఫ్యూజుతో కలిపి డబ్బాలో వేసుకోకండి. ఇక పవర్ యాంప్లిఫయర్‌కు ఎస్‌టీకే ఐసీలు వాడిన సెట్లయితే జాగ్రత్త, బజార్లో నకిలీలు ఎక్కువ. పాత ఐసీ నిజంగా పోయిందని రెండు పరీక్షల్లో తేలనిదే తీయవద్దు.

● చివరిది, నిజానికి అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది. జపాన్‌లో ఇళ్ల కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దగ్గర 230. జపాన్‌లో తూర్పున 50 హెర్ట్జ్, పడమర 60 కావడంతో జపాన్ సెట్టుకు మన 50 హెర్ట్జ్‌తో ఇబ్బంది లేదు. వోల్టేజీతోనే ప్రమాదం. కువైట్‌లో, దుబాయిలో వోల్టేజీ మనకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి కడప, గోదావరి, కరీంనగర్ జిల్లాలకు గల్ఫ్ నుంచి వచ్చిన సెట్లు సాధారణంగా మన ప్లగ్గులోనే బతికాయి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సెట్టుకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొన్నిటికి వెనక 110, 120, 220, 240 అని తిప్పుకునే సెలెక్టర్ ఉంటుంది, ఎవరో ఎప్పుడో దాన్ని 110 మీద వదిలేసి ఉండవచ్చు. మీ ఇంట్లో అలాంటి సెట్టు ఉంటే దయచేసి సెట్టును తిప్పి, వెనక రాసిన అంకె చదివాకే ప్లగ్గు పెట్టండి.